ఫిల్మ్ మీద నల్లగీత

మేడమ్ పోయారన్న కబురు నాకు గాజువాక బస్టాపులో తెలిసింది. పొద్దుటి నుంచి కాలేజీలో క్లాసులు చెప్పి, గొంతు బొంగురుపోయి, కూర్మన్నపాలెం బస్సు కోసం నిలబడి ఉన్నాను. పాత ల్యాబ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ముందు ఆ ఫొటో ఎవరిదో పోల్చుకోలేకపోయాను. పట్టుచీర, భుజాల మీద శాలువా, చేతిలో పూలగుత్తి. రిటైరైన రోజు తీసినది. అందులో ఆవిడ ఎవరో పిలిస్తే పెళ్ళికి వచ్చిన మనిషిలా ఉన్నారు.

బస్సు వచ్చింది. సీటు దొరకలేదు. పై రాడ్డు పట్టుకుని ఊగుతూ, ఆ ఫొటోలో లేని మనిషిని గుర్తు తెచ్చుకుంటూ ఇంటికి చేరాను.

ఆ మనిషి సెంట్రిఫ్యూజ్ మిషన్ తిరుగుతున్నంతసేపూ దాని పక్కన స్టూలు మీద కూర్చుని, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకునేవారు. నిద్రపోయారనుకుని మేం గొంతు తగ్గించేవాళ్ళం. మిషన్ చప్పుడు సన్నబడి ఇంకా పూర్తిగా ఆగకముందే లేచి నిలబడేవారు. ఆవిడ పొద్దున్న వచ్చేటప్పుడే అలిసిపోయి ఉన్నట్టు కనిపించేవారు. అలాగే సాయంత్రం దాకా పనిచేసేవారు. అంతకన్నా అలిసిపోవడం మాత్రం మాకు కనిపించేది కాదు.

ఆవిడకి మూడు భాషలుండేవి. సెమినార్లలో, పైఅధికారుల ముందు పుస్తకాల తెలుగు. కోపం వస్తే ఇంగ్లీషు. ఒళ్ళు అలిసినప్పుడు మాత్రం యారాడ మాట వచ్చేసేది. డాల్ఫిన్స్ నోస్ కొండకి అటువైపున్న ఆ చేపలపల్లె ఆవిడది. తండ్రి, తాత, అన్నదమ్ములు అందరూ వేటకి వెళ్ళేవాళ్ళే. "ఏటమ్మా, ఏటి సేత్తన్నావు? ఆ సీసా అలగ బయటొగ్గేస్తే సచ్చిపోద్ది" అన్నారంటే మధ్యాహ్నం దాటిందని అర్థం. నాకు ఆవిడ మూడో భాషే ఇష్టం. అందులో ఆవిడ ఎవర్నీ తిట్టగా నేను వినలేదు.

డిపార్ట్‌మెంట్ భోజనాల గదిలో ఆవిడ తినేవారు కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో డబ్బాలో ఎండునెత్తళ్ళ కూర తెస్తే, వాసన గురించి ఎవరో ఏదో అన్నారట. ఏమన్నారో మాకెప్పుడూ చెప్పలేదు. అప్పట్నుంచీ మేడ మీదకి వెళ్ళే మెట్ల మీద కూర్చుని తినేవారు. ప్రొఫెసరయ్యాక కూడా అక్కడే. అక్కణ్ణుంచి సముద్రం, హార్బర్‌లోకి పిలుపు కోసం ఆగి ఉన్న ఓడలూ కనిపించేవి.

మా పని గురించి కొంచెం చెప్పాలి. నరాలు పెరగడానికీ, బతికి ఉండడానికీ తోడ్పడే ప్రోటీన్ ఒకటి శరీరంలో ఉంటుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి పాదాలు మొద్దుబారిపోతాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అలాంటివాళ్ళ చర్మంలో ఆ ప్రోటీన్ తగ్గిపోతుందా అన్నది మేడమ్ ప్రశ్న. అదే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, "ఎవరో ఒకరు చెయ్యాలి కదా" అనేవారు.

కంటికి కనిపించని ప్రోటీన్‌ని పట్టుకోవడానికి యాంటీబాడీ కావాలి. కంపెనీలు ఒక ప్రోటీన్‌ని కుందేలుకి ఎక్కిస్తాయి. దాన్ని పట్టుకోవడానికి కుందేలు రక్తంలో ఒక పదార్థం పుడుతుంది, అదే యాంటీబాడీ. దాన్ని తీసి, బొటనవేలంత సీసాల్లో పోసి అమ్ముతాయి. వేల ప్రోటీన్ల గుంపులో అది మనకి కావలసినదాన్నే వెతికి అతుక్కోవాలి. అతుక్కున్నచోట ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్లటి గీత పడుతుంది. గీత లావుగా ఉంటే ప్రోటీన్ ఎక్కువున్నట్టు, పల్చగా ఉంటే తక్కువున్నట్టు. మా చదువులూ డిగ్రీలూ అన్నీ ఆ గీత మీద ఆధారపడి ఉండేవి.

మేడమ్ ఆ ఫిల్మ్‌ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకునేవారు. ఏ గీత ప్రయోగానికి చక్కెర జబ్బు తెప్పించిన ఎలుకదో, ఏది మంచి ఎలుకదో రాసి ఉన్న అంచుని బొటనవేలితో మూసేసేవారు. "సెప్పకు. ముందు సూడనీ" అనేవారు. చూసి, ఏది ఏదో తనే చెప్పి, అప్పుడు వేలు తీసేవారు. ఎంత చక్కటి గీత వచ్చినా ఒకటే మాట. "బాగుంది. నిజమేటి?"

మొదట్లో ఆ మాట వింటే నాకు ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైపోయింది. మా ల్యాబ్‌లో ఎవరూ ఎవర్నీ దేనికీ మెచ్చుకునేవారు కాదు. ఐస్ మిషన్ పాడైతే ఆవిడే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి, ఎరిగున్నవాళ్ళ దగ్గర థర్మోకోల్ పెట్టెలో ఐసు వేయించుకుని ఆటోలో తెచ్చేవారు. అందులో ఒక్కోసారి చేప పొలుసులుండేవి. విదేశం నుంచి వచ్చిన ఆ ఖరీదైన సీసాలు హార్బర్ ఐసులో కూరుకుని ఉంటే, వాటిని చూసి ఆవిడ ముసిముసిగా నవ్వుకునేవారు. నేను ఆవిడ నవ్వు చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి.

నేను చేరేనాటికే ఆ ప్రోటీన్ తగ్గుతుందని చెబుతూ ఆవిడ పేపరొకటి మంచి పత్రికలో వచ్చి ఉంది. దాని మీదే ఆవిడకి పేరొచ్చింది. ఎలుకల్లో ఆవిడ చూసినదాన్ని మనుషుల చర్మంలో చూడడం నా థీసిస్. కొన్నేళ్ళు పనిచేశాను. అన్నీ అనుకున్నట్టే వస్తున్నాయి. రాయడం మొదలుపెట్టాను.

అప్పుడు పాత సీసా అయిపోవచ్చింది. కొత్తది తెప్పించాం. అదే కంపెనీ, అదే పేరు, వేరే కుందేలు. కొత్త సీసాతో చేస్తే గీత పడవలసిన చోట పడలేదు. ఇంకెక్కడో చాలా పల్చగా, ఉందా లేదా అన్నట్టు ఒక నీడ. ల్యాబ్‌లో అందరం కొత్త సీసానే తిట్టాం. దారిలో ఎండకి పాడైందన్నారొకరు. కార్గోలో ఆపేశారన్నారొకరు. మేడమ్ మాత్రం రెండు ఫిల్ములూ పక్కపక్కన పట్టుకుని చాలాసేపు చూశారు.

"కొత్తది పాడైందో, పాతదే తప్పో ఎలగ తెలుస్తాది?" అన్నారు.

బెంగళూరులో ఆవిడ స్నేహితురాలొకరు ఒక ప్రయోగశాల నడుపుతున్నారు. వాళ్ళ దగ్గర ఒక రకం ఎలుకలుంటాయి. వాటిలో మా ప్రోటీన్ అసలు తయారే కాదు. పుట్టిన కొద్దికాలానికే చచ్చిపోతాయి పాపం. వాటి కణజాలం ముక్క ఒకటి పంపమని మేడమ్ అడిగారు. అది వచ్చేదాకా నన్ను థీసిస్ ముట్టుకోవద్దన్నారు.

వచ్చింది. పాత సీసాలో అడుగున మిగిలినదాంతో నేనే చేశాను. ఆ ఎలుకలో ప్రోటీన్ లేదు కాబట్టి అక్కడ ఫిల్మ్ తెల్లగా ఉండాలి. డార్క్‌రూమ్‌లోంచి బయటికొచ్చి ఫిల్మ్ ఆవిడ చేతికిచ్చాను. ఆ రోజు ఆవిడ అంచుని బొటనవేలితో మూయలేదు. మూసే అవసరం లేకపోయింది. మంచి ఎలుకకి ఎంత నల్లగా ఉందో, ప్రోటీనే లేని ఎలుకకీ గీత అంతే నల్లగా ఉంది.

"మళ్ళీ సెయ్" అన్నారు.

మళ్ళీ చేశాను. ఆవిడే స్వయంగా ఇంకోసారి చేశారు. రసాయనాలన్నీ మార్చి చేశారు. గీత అక్కడే ఉంది.

మేడమ్ స్టూలు మీద కూర్చున్నారు. సెంట్రిఫ్యూజ్ తిరగడం లేదు, అయినా తల గోడకి ఆనించి కళ్ళు మూసుకున్నారు. అలాగే కళ్ళు తెరవకుండా అన్నారు. "సేప నేని నీట్లో వలేసినాం. వల బరువుగానే వచ్చింది. ఇన్నాళ్ళూ మనం తూకం వేసిందేటో?"

"ఏమై ఉంటుంది మేడమ్?"

"తెల్దమ్మా. మనది మాత్రం కాదు."

ఎవర్నీ, దేన్నీ ఒకపట్టాన నమ్మని మనిషి ఆవిడ. ఒక్క ఆ సీసాని నమ్మారు. దానితో పాటు కంపెనీ పంపిన కాగితం మీద చక్కటి గీత ఒకటి అచ్చువేసి ఉండేది. అప్పట్లో అలాంటి ఎలుక ముక్క సంపాదించడం ఆవిడకి సాధ్యం కాలేదు. ఆ కాగితంతో సరిపెట్టుకున్నారు.

మర్నాడు పేపరు వెనక్కి తీసుకుంటున్నానని హెడ్ సార్‌తో చెప్పారు. తలుపు తీసే ఉంది. వరండాలో నిలబడ్డ మాకు అంతా వినిపించింది.

"ఎవరైనా అడిగారా మేడమ్? ఎవరూ అడగలేదు కదా" అన్నారు హెడ్ సార్. ఆయన చెడ్డవారేం కాదు. నిజంగానే ఆవిడ గురించి బెంగపడుతున్నారు. "కొత్త సీసాతో కొత్త పేపరు రాసుకోండి. పాతది దానంతటదే మరుగున పడుతుంది. వెనక్కి తీసుకుంటే మాత్రం మీ పేరు పక్కన అదొక్కటే మిగులుతుంది."

"మిగలనీండి సార్."

"మీ స్టూడెంట్ ఏమైపోవాలి?"

ఆవిడ బయటికొచ్చి, నన్ను చూసి, "మీ నాన్నగారు ఆదివారం ఇంట్లో ఉంతారా?" అని అడిగారు. ఆ ఆదివారం నాన్నకి డ్యూటీ ఉంది. శనివారం అయితే ఉంటారన్నాను.

నాన్నది తణుకు దగ్గర పల్లె. స్టీల్‌ప్లాంట్‌లో ఉద్యోగం రావడంతో ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు. రోలింగ్ మిల్లులో పని. వంశంలో మొదటి డాక్టరేట్ రాబోతోందని మిల్లులో అందరికీ ముందే చెప్పేసుకున్నారు. శనివారం మధ్యాహ్నం మేడమ్ సిటీ బస్సు దిగి, వెతుక్కుంటూ మా ఇంటికొచ్చారు. చేతిలో తడిసిన గోనెసంచి. అందులో నిగనిగలాడే వంజరం చేప.

అమ్మ సంచిలోకి చూసి, "అయ్యో, శనివారం కదండీ" అంది.

మేడమ్ మొహంలో రంగు పోయింది. ఎన్నేళ్ళుగానో మెట్ల మీద తిన్న మనిషికి ఆ మాట ఎలా తగిలిందో నాకు తెలుసు. అమ్మకి తెలియదు. తెలియకుండానే ఆ క్షణాన్ని నిలబెట్టింది. "రేపు పులుసు పెడతాను లెండి. ఇంత పెద్దది నేనెప్పుడూ వండలేదు. ముక్కలెలా కొట్టాలో మీరే చెప్పాలి" అంది. మేడమ్ చీర కొంగు దోపుకుని మా వంటింటి గట్టు దగ్గర నిలబడి చేపని ముక్కలు చేసి పెట్టారు. ఆ తర్వాతే వచ్చి కూర్చున్నారు.

నాన్నకి మొదట పుస్తకాల తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. యాంటీబాడీ అంటే ఏమిటో, అది దేన్ని పట్టుకోవాలో, దేన్ని పట్టుకుందో. నాన్న తల ఊపుతున్నారు గానీ మొహంలో ఏమీ లేదు. మధ్యలో ఆపి అడిగారు.

"మా అమ్మాయి తప్పేమైనా చేసిందాండీ?"

"నేదు బాబూ." అక్కడ ఆవిడ భాష మారిపోయింది. "అమ్మాయి కొలిసిందంతా సరిగ్గానే కొలిసింది. నానిచ్చిన సీసాయే తప్పు. తప్పు నాది."

"మరి ఈ అమ్మాయి ఇన్నేళ్ళు చేసిందీ..."

"పోయినాయండి."

పైన ఫ్యాను తిరుగుతోంది. ఆవిడ ఇంకేదో అంటారని ముగ్గురం చూశాం. ఫరవాలేదనో, త్వరలోనే అయిపోతుందనో. అవేవీ ఆవిడ అనలేదు. "మళ్ళీ మొదట్నుంచీ సేద్దాం. ఎన్నాళ్ళు పడతాదో తెల్దు. అమ్మాయికి ఇష్టం నేకపోతే ఇంకో గైడ్ దగ్గరికి పంపుతాను. నాను రాసిస్తాను" అన్నారు.

అమ్మ వంకాయ కూరతో భోజనం పెట్టింది. ఆవిడ రెండుసార్లు అడిగి వేయించుకుని తిన్నారు. నాన్న బస్టాపు దాకా వెళ్ళి బస్సు ఎక్కించి వచ్చారు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, "ఏదో ఒకటి చెప్పి సర్దేయొచ్చు కదే. పోయినాయండీ అనేసింది" అన్నారు. తర్వాత కొన్నాళ్ళు ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. మిల్లులో ఏం చెప్పుకున్నారో నేను అడగలేదు.

నేను ఇంకో గైడ్ దగ్గరికి వెళ్ళలేదు. పెద్ద త్యాగమేం కాదు. ఇంకెక్కడికైనా వెళ్ళి కొత్తగా మొదలుపెట్టే ఓపిక లేదు, అంతే. సరైన యాంటీబాడీ వెతకడానికే చాలా కాలం పట్టింది. తెచ్చిన ప్రతి సీసానీ ముందు బెంగళూరు ఎలుక ముక్క మీద పరీక్షించేవాళ్ళం. చాలావరకు అక్కడే ఓడిపోయేవి. చివరికి ఒకటి నిలబడింది. దాంతో చేస్తే జబ్బున్న చర్మానికీ మంచి చర్మానికీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. నా థీసిస్‌లో ఉన్నది అదే. తేడా కనిపించలేదు. వైవా రోజు పరీక్షకుడొకాయన పుస్తకం తిరగేసి, "అంటే మీరేం కనుక్కున్నట్టు?" అని అడిగారు. నా వెనక కుర్చీలోంచి మేడమ్ దగ్గు వినిపించింది. అది దగ్గు కాదని నాకు ఇప్పటికీ అనుమానం.

ఆవిడ ల్యాబ్‌కి గ్రాంటు మళ్ళీ రాలేదు. వంతు వచ్చినప్పుడు హెడ్ పదవి ఇంకొకరికి వెళ్ళింది. బయటి ఊళ్ళ సెమినార్లకి పిలవడం మానేశారు. ఎవరూ కారణం చెప్పలేదు. ఆవిడ కూడా అడగలేదు.

ఆవిడ చివరి ఉద్యోగ సంవత్సరాలు తలుచుకుంటే నాకు ఒకటే దృశ్యం కళ్ళ ముందుకొస్తుంది. శుక్రవారం సాయంత్రాలు కంప్యూటర్ ముందు కూర్చునేవారు. పేపరు వెనక్కి తీసుకున్నా, అది తెలియని వాళ్ళు ప్రపంచంలో ఎక్కడెక్కడో దాన్ని ఇంకా ఆధారంగా చూపిస్తూనే ఉండేవారు. అలాంటివి వెతికి, రాసినవాళ్ళ మెయిల్ ఐడీ పట్టుకుని, ఒక్కొక్కరికీ ఉత్తరం రాసేవారు. అయ్యా, నా పేపరు తప్పు, దయచేసి దాని మీద ఏమీ కట్టుకోకండి అని. ఎక్కువమంది జవాబిచ్చేవారు కాదు. ఒకాయన చాలా మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి, తర్వాతి పేపర్లో మళ్ళీ దాన్నే చూపించాడు. మేడమ్ అది నాకు చూపించి, కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"ఇంక ఒగ్గేయండి మేడమ్" అన్నాను. ఆవిడ మాటే నా నోట్లోంచి వచ్చింది.

"ఒగ్గీడానికి అది నా ఒక్కదానిది కాదు గదా" అన్నారు. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని ఆయనకే ఇంకో ఉత్తరం మొదలుపెట్టారు.

రిటైరయ్యాక యారాడ వెళ్ళిపోయారు. ఫోన్లు తగ్గాయి. నాకు ఉద్యోగం, సంసారం. కబురు తెలిసిన నాటికే దహనం అయిపోయింది. ఆ తర్వాతి ఆదివారం మల్కాపురం దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి కొండ మీదుగా ఇంకో బస్సు పట్టుకుని వెళ్ళాను. ఊళ్ళో అడిగితే ఇల్లు చూపించారు. అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆవిడ తమ్ముడట. అదే నుదురు, అదే అలసట.

"మా అప్ప స్టూడెంటా నివ్వు? కూకో అమ్మా."

కాళ్ళు చాపుకుని ఉన్నాడు. కుడిపాదానికి బొటనవేలూ, దాని పక్క వేలూ లేవు. నేను చూడడం ఆయన చూశాడు. "సుగరు" అన్నాడు. "ఎప్పుడో కుర్రతనం దాటకముందే వచ్చీసినాది. మేకు దిగితే తెల్నేదు. ఆ మేకుతోటే పొద్దంతా వేట సేసినాను. అప్పుడు అప్ప సదువుకుంతన్నాది."

మాకు తెలియదు. అన్నేళ్ళు ఆ ల్యాబ్‌లో పనిచేసిన మాలో ఎవరికీ తెలియదు.

"ఒకసారి సెలవు కాని రోజున వచ్చినాది. ఈ అరుగు మీదే కూకుండిపోనాది. కూడు తిననేదు. 'ఒరే, సీసా మంచిది కాదు, నీ కాలి గురించి నాను రాసిందంతా తప్పయిపోనాదిరా' అన్నాది. నాకు నవ్వొచ్చినాది. 'నా కాలి గురించి ఏటి రాసినావప్పా? ఎవులు సదివినారు?' అన్నాను."

"మేడమ్ ఏమన్నారు?"

"ఏటంతాది? నాను నవ్వుతంటే తనూ నవ్వినాది. నవ్వి నవ్వి, ఏడిసినాది."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇంట్లోంచి ఎవరో టీ తెచ్చిచ్చారు. కింద ఒడ్డున పడవలు ఒకటొకటిగా వస్తున్నాయి, అరుపులు వినిపిస్తున్నాయి.

"మరిప్పుడా పని ఎవులు సేత్తన్నారు?"

"చాలాచోట్ల చేస్తూనే ఉన్నారు బాబాయ్."

"మంచి సీసాతోనేనా?"

చేస్తున్నారనే చెప్పబోయాను. "తెలీదు బాబాయ్" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఆ జవాబు ఆయనకి కొత్త కాదన్నట్టు. పడవల దగ్గరికి పోవాలని లేచాడు. అరుగు కింద మూసి ఉండే బూట్లు ఉన్నాయి. ఇసకలో అలాంటివి వేసుకునేవాళ్ళు ఆ ఒడ్డున ఇంకెవరూ లేరు. ఆయన వంగి, ఒక బూటు తీసి తిరగేసి నేల మీద దులిపాడు. లోపలికి చెయ్యి పెట్టి, ముందు నుంచి వెనక దాకా వేళ్ళతో తడిమి చూశాడు. ఏమీ లేదు. ఇంకోసారి తడిమాడు. అప్పుడు కాలు పెట్టి, రెండో బూటు అందుకున్నాడు.